డ్యూటీకి దాయాది

పట్టుదలతో సాగించే ప్రయత్నాన్ని చెప్పే ‘ఎండెవర్’ అనే ఇంగ్లిష్ మాటకు తెలుగులో ప్రయత్నం, యత్నం, కృషి అని అర్థాలు రాయడం వాడుక; అవి తప్పు కాకపోయినా, ఆ మాట పుట్టుకలో ఉన్న బాధ్యత వాటిలో వినిపించదు. ఒక పనిని తన ‘దెవ్వార్’గా, అంటే కర్తవ్యంగా, నెత్తికెత్తుకోవడం అనే ఫ్రెంచి పలుకుబడి మధ్యయుగాల ఇంగ్లిష్‌లోకి వచ్చి, కుదించుకుపోయి ఈ మాట అయింది. దెవ్వార్‌కు మూలం లాటిన్‌లో రుణపడి ఉండటాన్ని తెలిపే ‘దెబేరె’ అనే క్రియ. డెబిట్, డ్యూటీ అనే మాటలు కూడా అక్కడి నుంచే వచ్చాయి. అందుకే ఊరికే చేసి చూడటానికి ‘ట్రై’ చాలుతుంది గాని, గమ్యం ఎరిగి చాలాకాలం విడవకుండా చేసే పనికే ఎండెవర్ అనే పేరు తగుతుంది. కార్యాలయాల ఉత్తరాల్లో మాత్రం అది ‘చూద్దాం లెండి’ అనే స్థాయికి దిగజారింది.

ఈ మాటకు బొగ్గుతో చుట్టరికం ఉండటం విశేషం. 1764లో ఇంగ్లండులోని విట్బీలో బొగ్గు రవాణా కోసం తయారైన ‘ఎర్ల్ ఆఫ్ పెంబ్రోక్’ అనే ఓడను 1768లో నౌకాదళం కొని, ఎండెవర్ అని పేరు మార్చి, శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగడాన్ని గమనించేందుకు జేమ్స్ కుక్ నాయకత్వంలో తాహితీ ద్వీపానికి పంపింది. బొగ్గు మోయడానికి కట్టిన ఆ బలమైన బల్లపరుపు అడుగు, 1770లో ఆస్ట్రేలియా తీరాన పగడపు దిబ్బకు తగిలినప్పుడు ఓడ బతికి బయటపడటానికి తోడ్పడింది. 1992లో తొలిసారి ఎగిరిన అమెరికా అంతరిక్ష నౌకకు కూడా ఈ ఓడ పేరే పెట్టారు.

ఎండెవర్‌కు తెలుగువారు చెప్పే ‘కృషి’ అనే మాట దున్నడాన్ని తెలిపే సంస్కృత ధాతువు నుంచి వచ్చింది, కృషీవలుడంటే రైతు. కానీ మంచిర్యాల జిల్లా నస్పూర్ బతుకు నాగలి కంటే సింగరేణి బొగ్గుతోనే ఎక్కువగా ముడిపడింది. గనిని ‘బాయి’ అని పిలిచే ఇక్కడి పరిసరాల్లో, యంత్రాలు రాకముందు కార్మికులు బొగ్గును చెమ్మసుతో, అంటే పారతో, తట్టలకెత్తి టబ్బుల్లో నింపేవారు. శ్రీరాంపూర్ ప్రాంతపు ‘ఆర్‌కే’ గనుల్లో దిగే కార్మికుడు తన పనిని కృషి అనడు, ప్రయత్నమూ అనడు. ‘డ్యూటీకి పోతున్న’ అంటాడు. ప్రత్యేక తెలంగాణ కోసం 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో ఆ డ్యూటీని నెల రోజులకు పైగా ఆపినప్పుడు దాన్ని ఉద్యమం అన్నారు. ఆ మాటకు సంస్కృతంలో ఉన్న అర్థం గట్టి ప్రయత్నమే.

డ్యూటీని ఇంగ్లిష్ మాటగా పక్కన పెట్టకుండా, బాయి పనికి దిగే వంతు అనే అర్థంతో సహా తెలుగు నిఘంటుకర్తలు ఇకనైనా నమోదు చేయాలి.