యానాదులు - వలసపాలన ప్రభావం

యానాదులు నెల్లూరు తీరంలో, పులికాట్ సరస్సు పరిసరాలలో అనాదిగా నివసిస్తున్న ఒక గిరిజన తెగ. ఆంధ్ర ప్రదేశ్ షెడ్యూల్డు తెగలలో జనసంఖ్య రీత్యా పెద్దవాటిలో ఇది ఒకటి. ఆంగ్లేయుల పాలన ఈ తెగ జీవనాన్ని మాత్రమే గాక, తెగ స్వభావాన్ని గురించి సమాజానికి గల అభిప్రాయాన్ని కూడా మార్చివేసింది. స్థానిక భావనల ఆధారంగా స్థానిక ప్రజల మనస్సును అధ్యయనం చేసే శాస్త్రశాఖను దేశీయ మనస్తత్వ శాస్త్రం అంటారు.

పూర్వ జీవనం

వేట, చేపలు పట్టడం, తేనె, దుంపలు సేకరించడం యానాదుల ముఖ్య వృత్తులు. పొలాలలో ఎలుకలను పట్టడంలోనూ, పాముకాటుకు మూలికా వైద్యం చేయడంలోనూ వీరు పేరు పొందారు. వీరిలో సోదె చెప్పే ఆచారం ఉంది. దీనిని 'రంగం' అంటారు. వ్యాధికి గానీ కష్టానికి గానీ కారణాన్ని బంధువుల సమక్షంలో, పాటతో, దైవావేశంతో తెలుసుకొనడం ఇందులోని ప్రక్రియ. బాధ ఒక్క వ్యక్తిది కాదు, కుటుంబమంతటిదీ అనే భావన దీనికి మూలం.

వలసపాలనలో

శ్రీహరికోట దీవి 1835లో ప్రభుత్వాధీనమైనది. అంతవరకు తమదిగా తిరిగిన అడవిలో యానాదులు ప్రభుత్వానికి అటవీ ఉత్పత్తులు సేకరించి ఇచ్చే కూలీలైనారు. ఎరుపు రంగు అద్దకానికి పనికివచ్చే చిరివేరు వీటిలో ఒకటి.

1871లో ఉత్తర భారతంలో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి విస్తరించారు. పుట్టుకతోనే కొన్ని కులాలకు నేరస్వభావం ఉంటుందన్న ఊహ ఈ చట్టానికి ఆధారం. నెల్లూరు ప్రాంతపు యానాదులలో కొందరు దీని పరిధిలోనికి వచ్చారు. పేరు నమోదైన వ్యక్తి పోలీసులకు హాజరు పలకాలి, వేలిముద్రలు ఇవ్వాలి, ఊరు దాటాలంటే అనుమతి పొందాలి. సంచారమే జీవనాధారమైన వారికి సంచారమే నేరమైనది.

ఇందులో ఒక వైరుధ్యం ఉంది. గ్రామాలలో పొలాలకు, ఇళ్ళకు కావలివారుగా యానాదులనే నియమించేవారు. ఊరు నమ్మి కాపలా పెట్టిన మనిషిని ప్రభుత్వ దస్తావేజు దొంగగా చూపినది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం ఏడవ సంపుటంలో యానాదుల ఆచారాలను విపులంగా నమోదు చేశాడు. అయితే అటువంటి రచనలలో తెగ వారు పరిశీలింపబడే వస్తువులే గాని తమను గురించి తాము చెప్పుకొనే వారు కారు.

స్వాతంత్ర్యానంతరం

1952 ఆగస్టు 31న నేరస్థ తెగల చట్టం దేశవ్యాప్తంగా రద్దయినది. దీని పరిధి నుండి విడుదలైన తెగలను విముక్త జాతులు అంటారు. కాని పలు రాష్ట్రాలలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చినందున పాత అనుమానం పూర్తిగా తొలగలేదు. నెల్లూరు ప్రాంతానికి చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల విముక్తి కొరకు దశాబ్దాల పాటు కృషి చేశాడు. 1962లో వారిపై ఆంగ్లంలో గ్రంథం వెలువరించాడు. 1973లో ఆయనకు పద్మభూషణ్ పురస్కారం లభించింది.

1969లో శ్రీహరికోటను రాకెట్ ప్రయోగాలకు ఎంపిక చేసిన తరువాత దీవిలోని కుటుంబాల జీవనం మరొకసారి మారింది. ఈ దీవి 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది.

మనస్తత్వ శాస్త్ర దృష్టి

పాలకుడు వేసిన ముద్రను పాలితుడు క్రమంగా తన స్వభావమేనని నమ్మడాన్ని ఫ్రాంజ్ ఫానన్ 1952లో విశ్లేషించాడు. వలసపాలన పాలితుల మనస్సులోనే కాక పాలకుల మనస్సులో కూడా మార్పు తెచ్చినదని ఆశిష్ నంది 1983లో ప్రతిపాదించాడు. ఫిలిప్పీన్స్‌లో విర్జీలియో ఎన్రికెజ్, భారతదేశంలో దుర్గానంద్ సిన్హా స్థానిక భావనల ఆధారంగానే స్థానిక ప్రజల మనస్సును అధ్యయనం చేయాలని వాదించారు.

ఈ దృష్టితో చూచినప్పుడు, నాటి ఆహారాన్ని నాడే పంచుకొని తినడం సోమరితనం కాదు, నిల్వ లేని జీవనానికి తగిన నీతి. పోలీసును చూచి తప్పుకొనడం నేరస్వభావానికి గుర్తు కాదు, తరతరాల నిఘా నేర్పిన జాగ్రత్త. రంగం వంటి ఆచారాలను మూఢనమ్మకమని కొట్టివేయక, దుఃఖాన్ని పంచుకొనే పద్ధతులుగా పరిశీలించవలసి ఉన్నది.

ఇవి కూడా చూడండి

ఎరుకల
చెంచులు
శ్రీహరికోట
పులికాట్ సరస్సు