వడ్రంగి ఎడమ చెయ్యి

1968 జులై 6. ఒడిశాలో ఒక సినిమా హాలు. లోపల నగిషీ పని జరుగుతోంది. నెలకు 120 రూపాయల మీద ఆ పని చేస్తున్న వడ్రంగి కింద పడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తీసేయక తప్పలేదు.

యజమానిని పరిహారం అడిగాడు. ఏ పనివాడికైనా ఎదురయ్యే జవాబే వచ్చింది: నువ్వు నా పనివాడివి కాదు, గుత్తకు వచ్చినవాడివి. పడ్డావా, అది నీ అజాగ్రత్త.

1923 నాటి కార్మికుల పరిహార చట్టం దగ్గర ఈ రెండో మాట చెల్లేది కాదు. తాగి ఉన్నాడనో, భద్రతా నియమాన్ని కావాలని మీరాడనో రుజువైతే తప్ప, ఒట్టి అజాగ్రత్త వల్ల హక్కు పోయేది కాదు. వడ్రంగి కార్మిక పరిహార కమిషనర్ దగ్గరికి వెళ్లాడు.

పోయింది ఎడమ చెయ్యేగా, కుడిది ఉంది కదా అనిపిస్తుంది మనకి. వడ్రంగం చేసేవాళ్లని ఒకసారి చూడండి. కుడిచేతివాటం మనిషి కొడతి పట్టేది కుడిచేత్తో, ఉలి పట్టేది ఎడమచేత్తో. చిత్రిక పట్టాలంటే రెండు చేతులూ ఆనాలి. రంపం ఆడుతున్నంతసేపూ చెక్కను అదిమిపట్టేది ఎడమ చెయ్యే. నగిషీలో మరీను: ఉలి మొనను గీత మీద వెంట్రుకవాసి జరిపేదీ, వాలు మార్చేదీ అదే. కుడి చెయ్యి దెబ్బ వేస్తుందంతే.

కమిషనర్ ఇంత వర్ణించలేదు. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు, కాబట్టి ఇది పూర్తి వైకల్యమే అన్నాడు. 9,800 రూపాయలు కట్టమన్నాడు. వేళకు కట్టనందుకు అందులో సగం జరిమానా, 6 శాతం వడ్డీ అదనం.

యజమాని హైకోర్టుకెళ్లాడు, అక్కడ కాలేదు. సుప్రీంకోర్టుకెళ్లాడు. ఈసారి యజమాని తరఫువాళ్లు చట్టం చివర ఉన్న పట్టిక తీశారు. బొటనవేలు పోతే సంపాదన శక్తి 30 శాతం పోయినట్టు, చూపుడువేలికి 14, ఇలాంటి చేతికి 70. మరి నూటికి నూరు ఎలా ఇస్తారు? వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ప్రమాదం నాటికి ఆ మనిషి ఏ పని చేయగలిగేవాడో దాన్నిబట్టి చూడమంది చట్టం. పట్టికకు వడ్రంగీ గుమాస్తా ఒకటే.

1975 డిసెంబరు 4న సుప్రీంకోర్టు కమిషనర్ మాటే నిలబెట్టింది. కమిషనర్ లెక్క తేల్చేదాకా బాకీయే లేదన్న వాదననూ కొట్టేసింది. దెబ్బ తగిలిన రోజే డబ్బు ఇవ్వాల్సిన రోజు. ఇవ్వకుండా పస లేని సాకులు చెప్పాడని యజమానిని తప్పుపట్టింది కూడా.

నన్నడిగితే చెయ్యి సంగతి కన్నా ఈ తేదీ సంగతే పెద్దది. కేసు ఎన్నేళ్లు సాగదీస్తే యజమానికి అంత లాభం అనే లెక్క దీంతో తలకిందులైంది. మధ్యలో వేరే తీర్పులొచ్చి గందరగోళం రేగితే, 2012లో సుప్రీంకోర్టు మళ్లీ ఈ వడ్రంగి కేసునే ముందు పెట్టుకుని, వడ్డీ లెక్క ప్రమాదం తేదీనుంచే కట్టాలని మరో కేసులో ఒక బీమా కంపెనీకి చెప్పింది.