సెయింట్ మోరిట్జ్: చలికాలం విడిది అయిన చరిత్ర

స్విట్జర్లాండ్ ఆగ్నేయ మూలన, గ్రావ్‌బ్యుండెన్ అనే కాంటన్‌లో, అంటే ఆ దేశపు సమాఖ్యలో రాష్ట్రం వంటి విభాగంలో, ఇన్ నది పుట్టి ప్రవహించే ఎగువ ఎంగడీన్ లోయ ఉంది. ఆ లోయలో సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న సెయింట్ మోరిట్జ్ నేడు ప్రపంచంలోని సంపన్నులు స్కీయింగ్ కోసం చేరే విడుదులలో పేరెన్నిక గన్నది. ఆ ఊరి ప్రసిద్ధికి ఆల్ప్స్ పర్వతాల మంచే కారణమని సాధారణంగా భావిస్తారు. కాని మంచు అక్కడ ఎప్పుడూ ఉన్నదే, దానికోసం మనుషులు రావడం మాత్రం సుమారు నూట అరవై ఏళ్ల సంగతి, స్కీయింగ్ ఆ రాకకు కారణం కావడం అంతకంటే కొత్తది.

సెయింట్ మోరిట్జ్‌కు తొలినాటి యాత్రికులు వచ్చింది నీటి కోసం, అదీ వేసవిలో. ఇనుప లవణాలూ బొగ్గుపులుసు వాయువూ కలిసిన ఒక ఊట అక్కడ ఉంది. దాని చుట్టూ లార్చ్ మొద్దులతో కట్టిన తొట్టి బయటపడగా, చెట్టు వలయాలను లెక్కగట్టే పద్ధతి ద్వారా ఆ కలపను క్రీ.పూ. 15వ శతాబ్ది చివరి కాలానిదిగా నిర్ధారించారు. కంచు యుగంలోనే మనుషులు ఇంత ఎత్తున ఒక ఊటను కట్టుదిట్టం చేసుకున్నారంటే ఆ నీటికి వారిచ్చిన విలువ ఎంతటిదో ఊహించవచ్చు. 16వ శతాబ్దిలో ప్రసిద్ధ వైద్యుడు పారాసెల్సస్ ఈ ఊటను మెచ్చుకున్నాడు. ఆ తరువాత కూడా వేసవిలో కనుమలు తెరుచుకున్నాక వచ్చి, నీరు తాగి, స్నానాలు చేసి, చలి ముదరకముందే కొండ దిగిపోవడమే శతాబ్దాలపాటు ఇక్కడి యాత్రికుల ఆనవాయితీగా ఉండేది.

స్థానికుల దృష్టిలో చలికాలం కరువు కాలం. పశువులు కొట్టాలలో ఉండేవి, వేసవిలో కోసి దాచిన గడ్డి వసంతం దాకా సరిపోవాలి, కనుమలు మూసుకుపోతే బయటి లోకంతో రాకపోకలు కష్టమయ్యేవి. నేల ఇచ్చే పంట చాలక గ్రావ్‌బ్యుండెన్ మనుషులు తరతరాలుగా వలసపోయారు. వారిలో మిఠాయిలు, కేకులు చేసే వృత్తిలో స్థిరపడినవారు వెనిస్ నగరంలో పెద్ద సంఖ్యలో దుకాణాలు నడిపారు. 1766లో వెనిస్ వారి హక్కులను రద్దు చేసి వెళ్లగొట్టగా, వారు ఐరోపాలోని అనేక నగరాలకు చెదిరిపోయి అక్కడ కాఫీ గృహాలు తెరిచారు. సంపన్నులకు ఏది రుచిస్తుందో, వారికి ఎలా వడ్డించాలో ఈ వలస జీవితం లోయవాసులకు నేర్పిందనీ, తరువాతి కాలపు హోటళ్ల వెనుక ఆ నేర్పు కూడా ఉందనీ చెప్పడం అసంగతం కాదు.

ఈ నేపథ్యంలోనే యోహానెస్ బాద్రుట్ అనే హోటల్ యజమాని కనిపిస్తాడు. 1850లలో అతడు సెయింట్ మోరిట్జ్‌లో ఒక చిన్న బస గృహాన్ని మొదట అద్దెకు తీసుకుని, తరువాత కొని, క్రమంగా కుల్మ్ హోటల్‌గా పెంచాడు. 1864 వేసవి ముగింపులో తన ఇంగ్లీషు అతిథులు కొందరితో అతడు పందెం వేశాడని ఆ ఊరి సంప్రదాయం చెబుతుంది: చలికాలంలో వచ్చి చూడండి, ఇక్కడి ఎండలో కోటు లేకుండా కూర్చోగలరు, అది నిజం కాకపోతే మీ ప్రయాణ ఖర్చు నేనే భరిస్తాను అన్నాడట. వారు క్రిస్మస్ నాటికి వచ్చి, ఈస్టర్ దాకా ఉండి, ఎండకు కమిలిన ముఖాలతో తిరిగి వెళ్లారని కథ. పందెం వివరాలు ఎంతవరకు వాస్తవమన్నది అటుంచితే, బాద్రుట్ గ్రహించిన సంగతి మాత్రం వాస్తవం: దిగువ మైదానాలు పొగమంచులో మునిగి ఉండే నెలలలో ఎత్తైన ఈ లోయ పొడిగాలితో, నీలాకాశంతో, మంచు మీద పడి తిరిగి వెలిగే ఎండతో ఉంటుంది. వేసవిలో నిండి, చలికాలంలో తాళం పడే హోటల్‌కు అది రెండో ఆదాయ కాలం కాగలదు. అతిథిని ఆకట్టుకునే ఏ కొత్తదనాన్నీ అతడు వదులుకోలేదు. 1878లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో విద్యుద్దీపాలు చూసి వచ్చి, కొద్దికాలానికే స్విట్జర్లాండ్‌లో మొదటిసారిగా వాటిని తన హోటల్‌లో వెలిగించాడు.

అయితే చలికాలపు విడిదికి తొలి పునాది వేసినవారిలో ఆటగాళ్ల కంటే రోగులే ముందున్నారు. సెయింట్ మోరిట్జ్‌కు ఉత్తరాన, అదే కాంటన్‌లో ఉన్న దావోస్‌కు 1853లో వైద్యుడిగా వచ్చిన అలెగ్జాండర్ స్పెంగ్లర్, 1849 నాటి జర్మన్ విప్లవం విఫలమయ్యాక దేశం విడిచిన శరణార్థి. స్థానికులలో క్షయ చాలా అరుదుగా ఉండడం గమనించిన అతడు కొండగాలి ఆ వ్యాధికి మందు కాగలదని నమ్మాడు. 1865 ఫిబ్రవరిలో ఇద్దరు జర్మన్ రోగులు నడిచలికాలంలో దావోస్ చేరి, ఆరుబయట పడుకుని ఎండనూ గాలినీ సేవించే చికిత్స పొంది కోలుకున్నారు. అప్పటినుంచి శానిటోరియంలు, అంటే రోగులు నెలల తరబడి నివసించే ఆరోగ్యాలయాలు, వరుసగా వెలిశాయి. థామస్ మన్ 1924లో ప్రచురించిన 'మాయా పర్వతం' నవలకు రంగస్థలం అదే. మందు లేని రోజులలో గాలి, విశ్రాంతి, పోషకాహారం అనే ఈ చికిత్సా విధానం దూరదేశాలకూ వ్యాపించింది. మదనపల్లె దగ్గర 1915లో క్రైస్తవ మిషన్లు నెలకొల్పిన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి కూడా ఆ శానిటోరియం ఆలోచనా పరంపరలోనిదే. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చాక ఆల్ప్స్‌లోని శానిటోరియంలకు పని తగ్గింది, వాటిలో కొన్ని హోటళ్లయ్యాయి. రోగుల కోసం పరచిన దారులు, కట్టిన బాల్కనీలు, చలిలోనూ వెచ్చగా ఉంచిన గదులు లేకపోతే ఆరోగ్యవంతులకు ఆ విడుదులు ఇంత త్వరగా అందేవి కావు. ఈ రుణాన్ని విడిది చరిత్రలు తరచు మరిచిపోతాయి. అది న్యాయం కాదు.

సెయింట్ మోరిట్జ్ మాత్రం దావోస్ దారిలో పోక, తనను రోగుల ఊరుగా కాక ఉల్లాసపు ఊరుగా నిలుపుకుంది. మూడు నాలుగు నెలలు మంచులో ఉండిపోయే ఇంగ్లీషు అతిథులకు పొద్దు గడవాలి. గడ్డకట్టిన సరస్సు మీద స్కేటింగ్, నున్నటి రాతి గుండ్లను మంచుపై గురిచూసి జార్చే కర్లింగ్, టోబోగన్ అనే చిన్న బండి మీద వాలు దిగడం వారి కాలక్షేపాలు. బండ్లు ఊరి వీధులలోనే దూసుకుపోతూ పాదచారులను గుద్దుతుండడంతో, 1884-85 చలికాలంలో వాటికి ప్రత్యేకంగా క్రెస్టా రన్ అనే మంచు బాట నిర్మించారు. దాదాపు 1.2 కిలోమీటర్ల ఆ బాట మీద మనిషి బోర్లా పడుకుని, తల ముందుకు పెట్టి, గడ్డం మంచుకు జానెడు ఎత్తున ఉండగా జారుతాడు. 1929లో అక్కడ స్త్రీలపై విధించిన నిషేధం 2018 దాకా తొలగలేదు. ఒకరికంటే ఎక్కువమంది కూర్చునే బండితో ఆడే బాబ్‌స్లే క్రీడ కూడా ఇక్కడే రూపుదిద్దుకుంది. 1904 నాటికి సిద్ధమైన దాని బాటను నేటికీ ఏటా కొత్తగా, సిమెంటూ శీతలయంత్రాలూ లేకుండా, దక్షిణ టైరోల్ నుంచి వచ్చే పనివారు మంచునూ నీటినీ కలిపి పారలతో మలుస్తారు. వసంతంలో కరిగిపోతుందని తెలిసీ అంత శ్రద్ధగా చేసే ఆ పని ఈ చరిత్ర మొత్తంలో అత్యంత గౌరవనీయమైన వృత్తి.

ఇన్ని ఆటల తరువాత గాని స్కీ రాలేదు. కాళ్లకు పొడవాటి చెక్కలు కట్టుకుని మంచుపై నడవడం స్కాండినేవియాలో వేల ఏళ్లనాటి ప్రయాణ సాధనం. 19వ శతాబ్దిలో నార్వేలోని టెలిమార్క్ రైతులు దాన్ని క్రీడగా మలిచారు. 1888లో ఫ్రిట్యోఫ్ నాన్సెన్ స్కీల మీద గ్రీన్‌లాండ్‌ను దాటి, ఆ యాత్రపై రాసిన పుస్తకం మధ్య ఐరోపాలో ఉత్సాహం రేపింది. 1894 మార్చిలో షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కోనన్ డోయల్, దావోస్‌కు చెందిన బ్రాంగర్ సోదరుల వెంట ఒక కనుమ దాటి అరోసా గ్రామానికి స్కీలపై చేరి, ఆ అనుభవాన్ని లండన్ పత్రికలో రాశాడు. ఆ రోజులలో స్కీ అంటే ముఖ్యంగా ఎక్కడమే. చెక్కల అడుగున సీల్ చర్మపు పట్టీలు కట్టి, వెంట్రుకల పట్టుతో వెనక్కి జారకుండా గంటల తరబడి కొండెక్కితే, దిగడం కొద్ది నిమిషాలలో ముగిసేది.

ఆ కష్టాన్ని యంత్రాలు తీసేశాయి. పూర్వం కూర్ పట్టణం నుంచి గుర్రపు బండిలో కనుమ దాటడానికి పగలంతా పట్టేది; 1903-04లో ఆల్బులా రైలు మార్గం, దాదాపు ఆరు కిలోమీటర్ల సొరంగంతో, 65 మీటర్ల ఎత్తైన లాండ్‌వాసర్ వంతెనతో, లోయను ఐరోపా నగరాలకు కలిపింది. గ్రావ్‌బ్యుండెన్‌లో 1900 నుంచి 1925 దాకా మోటారు కార్లపై నిషేధం ఉండడంతో ఆ పాతికేళ్లూ రైలే ప్రాణాధారమైంది. ఊరి నుంచి పైకి, తాడుతో లాగబడే పెట్టెలు పట్టాలపై ఎక్కే ఫ్యునిక్యులర్ మార్గం 1913లో షాంటరెల్లా దాకా, 1928లో కోర్విలియా దాకా వెళ్లింది. 1934 డిసెంబరులో ఎర్న్‌స్ట్ కాన్‌స్టమ్ అనే ఇంజనీరు దావోస్‌లో, నిరంతరం తిరిగే తాడుకు వేలాడే కొక్కేలు స్కీ వేసుకున్న మనిషిని వాలు మీదికి లాగే లిఫ్టును నడిపాడు. మరుసటి ఏడాదే అటువంటిది సెయింట్ మోరిట్జ్‌కూ వచ్చింది. రోజుకు ఒకటి రెండు సార్లు దిగినవారు ఇరవై సార్లు దిగగలిగారు, దిగడమే క్రీడ అయింది, ఎక్కడం టిక్కెట్టుతో కొనుక్కునే సేవ అయింది. స్కీ విడిది అనే నేటి రూపానికి అసలు జన్మస్థానం ఈ లిఫ్టే.

ఈ మార్పు రెండు ఒలింపిక్ క్రీడలలోనూ కనిపిస్తుంది. 1928లో సెయింట్ మోరిట్జ్ శీతకాల ఒలింపిక్స్ జరిపినప్పుడు స్కీ పోటీలంటే మైదానపు పరుగు, ఎగిరి దూకడం మాత్రమే. ఆ క్రీడల మధ్యలో దక్షిణపు వెచ్చగాలి వీచి ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరగడంతో 50 కిలోమీటర్ల స్కీ పరుగు బురదమంచులో సాగింది, 10,000 మీటర్ల స్కేటింగ్ రద్దయింది. 1948లో, రెండో ప్రపంచ యుద్ధంలో తటస్థంగా ఉన్న దేశంలో కట్టడాలు చెక్కుచెదరకుండా ఉన్నందున మళ్లీ ఇక్కడే ఒలింపిక్స్ జరిగినప్పుడు, కొండవాలు దిగే డౌన్‌హిల్, జెండాల మధ్య మలుపులు తిరిగే స్లాలమ్ పోటీలకు విడివిడిగా పతకాలిచ్చారు. ఆ తరువాతి దశాబ్దాలలో పారిశ్రామికవేత్తలు, సినిమా తారలు, ఇరాన్ షా వంటి పాలకులు ఇక్కడ ఇళ్లు ఏర్పరచుకున్నారు.

ఆ వైభవానికి ఊరు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. రోమన్‌ల లాటిన్ నుంచి పుట్టి ఈ లోయలో మనుగడ సాగించిన రోమాన్ష్ భాష 19వ శతాబ్ది మధ్య దాకా ఇక్కడ ఇంటిభాష. హోటళ్లతో జర్మన్, పనివారితో ఇటాలియన్ వచ్చి, దాన్ని సొంత ఊళ్లోనే మైనారిటీ భాషగా చేశాయి. ఏడాదిలో కొద్ది వారాలు మాత్రమే తలుపులు తెరిచే రెండో ఇళ్లు పెరిగి, అద్దెలు స్థానికులకూ హోటల్ పనివారికీ అందకుండా పోయాయి. పనివారిలో చాలామంది రోజూ సరిహద్దు దాటి ఇటలీ లోయల నుంచి వచ్చిపోతారు. రెండో ఇళ్లు ఏ గ్రామంలోనైనా మొత్తం నివాసాలలో ఇరవై శాతాన్ని మించకూడదని 2012 మార్చిలో స్విస్ ఓటర్లు జనాభిప్రాయ సేకరణలో స్వల్ప ఆధిక్యంతో నిర్ణయించారు. అప్పటికే ఆ హద్దును ఎంతో దాటిన సెయింట్ మోరిట్జ్ వంటి ఊళ్లలో కొత్తవాటికి అనుమతి దాదాపు నిలిచిపోయింది. మంచు సైతం భరోసా ఇవ్వని స్థితి వచ్చింది. గడ్డకట్టే చలిలో నీటినీ గాలినీ ఒత్తిడితో చిమ్మి మంచు రేణువులుగా మార్చే యంత్రాలను 1970ల చివర ఇదే కాంటన్‌లోని సవోనిన్‌లో పెద్దఎత్తున నెలకొల్పారు. నేడు కోర్విలియా వాలులపై ఆ యంత్రాలు పనిచేయనిదే డిసెంబరులో బాటలు తెరవడం కష్టం, ఆ యంత్రాలకు కావలసిన నీటి కోసం కొండమీద ప్రత్యేకంగా జలాశయం కట్టవలసి వచ్చింది.