అక్కడేముంది, మంచు తప్ప!

'ఖాళీ' అనే మాట వినడానికి అమాయకంగానే ఉంటుంది గానీ, దాన్ని ఎవరు, ఎవరి గురించి అంటున్నారో కాస్త కనిపెట్టి ఉండాలి. తెల్లవారకముందే లేచి రాత్రి పదింటిదాకా నడుం వాల్చని ఇల్లాలిని పట్టుకుని "ఇంట్లో ఖాళీగానే ఉంటారుగా!" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చూడని కళ్ళకి అంతా ఖాళీయే. నేల విషయంలోనూ అంతేనండీ. ఖాళీ అని ఒకసారి పేరు పడిందా, దాన్ని తవ్వుకోవడానికి సగం అనుమతి దొరికినట్టే.

అమెరికా దేశానికి ఉత్తరపు కొస అలాస్కా. దాని ఈశాన్య మూల, ధ్రువ సముద్రాన్ని ఆనుకుని ఒక అభయారణ్యం ఉంది. పేరు ఆర్కిటిక్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్. విస్తీర్ణం దాదాపు 1 కోటి 90 లక్షల ఎకరాలు. నడుమ బ్రూక్స్ పర్వతాలు ప్రహరీగోడలా నిలబడి ఉంటాయి. గోడకి దక్షిణాన స్ప్రూస్ చెట్ల అడవులు. ఉత్తరాన, సముద్రం దాకా చెట్టన్నదే లేని చిత్తడి మైదానం. ఆ మైదానంలో సుమారు 15 లక్షల ఎకరాల గురించే తగాదా అంతా. దానికి పడమరగా ప్రూడో బే దగ్గర 1968లో చమురు పడింది కదా, ఇక్కడా పడుతుందని ఆశ.

ఈ నేలను కాపాడమని మొదట అడిగిన వాళ్ళలో ఒక స్త్రీ ఉంది. మార్గరెట్ మ్యూరీ. అలాస్కా కళాశాలలో పట్టా పుచ్చుకున్న మొదటి మహిళ. 1924లో పెళ్ళయితే ఆవిడ కొత్త కాపురం కుక్కలు లాగే బండి మీదే మొదలైంది. భర్త కారిబూ దుప్పుల మీద పరిశోధన చేసేవాడు మరి! 1956 వేసవిలో ఆ దంపతులు మరికొందరితో కలిసి షీన్‌జెక్ నది లోయలో గుడారాలు వేసుకుని, అక్కడి పూలనూ పక్షులనూ మృగాలనూ పేరుపేరునా రాసుకొచ్చారు. అక్కడ ఏముందో నలుగురికీ చెప్పారు. 1960 డిసెంబరులో ఐసెన్‌హోవర్ ప్రభుత్వం 89 లక్షల ఎకరాలను రక్షిత ప్రదేశంగా ప్రకటించింది. 1980లో, కార్టర్ హయాంలో, అది రెట్టింపుకు పైగా పెరిగింది. కానీ తీరమైదానంలో చమురు సంగతి మాత్రం ముందుముందు కాంగ్రెసు తేల్చాలని, తలుపు మూయకుండా ఓరగా వేసి వదిలేశారు. ఆ ఓరవాకిలి దగ్గర మొదలైన తోపులాట ఇంకా తెమల్లేదు.

ఇందులో మన దేశపువాడొకడు ప్రవేశించడం నాకు భలే ముచ్చటేసింది. పశ్చిమ బెంగాల్ బహరంపూర్‌లో పుట్టిన శుభంకర్ బెనర్జీ. ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్ళి, విమానాల కంపెనీలో ఉద్యోగం చేసుకుంటున్నవాడు కాస్తా 2000లో ఆ పని వదిలేసి, దాచుకున్న డబ్బు పెట్టుకుని ఈ మంచులోకి నడిచాడు. కన్నవాళ్ళ గుండె ఎంత జారి ఉంటుందో ఊహించుకోండి! అన్ని ఋతువుల్లోనూ, మొత్తం 14 నెలలు, స్థానిక ఇనుపియాట్ మార్గదర్శి తోడుగా తిరిగాడు. ధ్రువపు ఎలుగు తల్లి పిల్లలతో గుహలోంచి బయటికొచ్చే క్షణం కోసం మంచులో 29 రోజులు కాపు కాస్తే, గాలి తెరిపి ఇచ్చింది 4 రోజులేనట. అర్జెంటీనా నుంచి ఎగిరొచ్చి ఆ చిత్తడి నేలలో జతకట్టే చిన్న పిట్టను, రెక్కలెత్తి ఆడుతుండగా ఫొటో తీశాడు.

సరిగ్గా అప్పుడే చమురు చర్చ సెనేట్‌కి వచ్చింది. అలాస్కా సెనేటర్ ఒకాయనైతే ఒట్టి తెల్ల అట్ట ఎత్తి చూపించి, ఏడాదిలో చాలా నెలలు ఆ ప్రదేశం ఇలాగే ఉంటుందన్నాడు. ప్రభుత్వ భూములు చూసే మంత్రి గేల్ నార్టన్ అదంతా చదునైన తెల్లటి శూన్యమంది. ఆవిడా స్త్రీయే! 2003 మార్చి 19న సెనేటర్ బార్బరా బాక్సర్ బెనర్జీ ఫొటోలు సభలో ఎత్తి చూపించింది. ఆ రోజు ఓట్లు 52, 48. చమురు ప్రతిపాదన వీగిపోయింది. ఫొటోల వల్లనే గెలిచారనను గానీ, తెల్ల అట్టకి జవాబంటూ ఒకటి దొరికింది.

దాని వెనకాలే చిత్రం జరిగింది. మే నెలలో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఆ ఫొటోల ప్రదర్శన. ముందనుకున్న చోటు కాదని కింది అంతస్తులోకి మార్చారు. ఫొటోల కింద వివరణలు కత్తిరించారు. ఒత్తిళ్ళేమీ లేవన్నారు మ్యూజియం వాళ్ళు. జనం మాత్రం వేరే విధంగా అర్థం చేసుకున్నారు.

ఫొటోలు చూడకుండానే ఆ నేల ఖాళీ కాదని తెలిసినవాళ్ళున్నారు. పర్వతాలకి దక్షిణాన అడవుల్లో ఉండే గ్విచిన్ ప్రజలు. లక్షకు పైగా కారిబూలు ఏటా ఆ మైదానానికి పోయి ఈనుతాయి. వీళ్ళ తిండీ గుడ్డా వాటి మీదే. అందుకే ఆ మైదానాన్ని ప్రాణం మొదలయ్యే పవిత్ర స్థలమంటారు. పురిటిగది కదా, అందులోకి తాము కూడా అడుగుపెట్టరు! 1988లో వాళ్ళంతా ఒకచోట చేరి దాన్ని కాపాడుకోవాలని తీర్మానించుకున్నారు. వాళ్ళ తరఫున మాట్లాడిన సారా జేమ్స్‌కి 2002లో, మరిద్దరితో కలిపి, గోల్డ్‌మన్ పురస్కారం వచ్చింది.

మరి నేల దక్కిందా అంటే, సగమే చెప్పగలను. 2017లో చట్టం చేసి తలుపు బార్లా తీశారు. 2021 జనవరిలో వేలం పెడితే పెద్ద చమురు కంపెనీలు రాలేదు. 2025 జనవరిలో రెండోసారి పెడితే ఒక్కరూ పాడలేదు. అయినా అదే ఏడు జులైలో, పదేళ్ళలో నాలుగు వేలాలు వెయ్యాలని ఇంకో చట్టం వచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా తలుపు తీయడం, వేయడం.

ఫొటో చమురుబావిని ఆపలేకపోవచ్చు. కానీ ఇకమీదట తవ్వేవాడు "అక్కడేమీ లేదు" అని తప్పించుకోలేడు. "అక్కడ తల్లులున్నాయి, పిల్లలున్నాయి, అయినా నాకు చమురే కావాలి" అని నోరు తెరిచి అనాలి. అలా అనడానికి ఎంతటివాడికైనా కాస్త గొంతు పట్టేస్తుంది.