ముఖ నాడి పక్షవాతం

పన్నెండు జతల కపాల నాడుల్లో ఏడవదైన ముఖ నాడి, చెవి వెనుక ఎముకలోని ఇరుకైన కాలువ గుండా వచ్చి ముఖ కండరాలను కదిలిస్తుంది. అది దెబ్బతిని ముఖంలో ఒక పక్క చచ్చుబడటమే ముఖ నాడి పక్షవాతం. కారణం స్పష్టంగా తేలని రకాన్ని, 1821లో ఈ నాడులపై పరిశోధన ప్రకటించిన చార్లెస్ బెల్ పేరిట బెల్స్ పాల్సీ అంటారు. రోగి చోడి అంబలి తాగబోతే అది పెదవి మూల నుంచి కారిపోతుంది. కన్ను మూయబోతే రెప్ప వాలక, గుడ్డు పైకి తిరిగి తెల్లగా కనిపిస్తుంది. మూతి వంకరపోయినా నుదుటిపై ముడతలు రెండు వైపులా పడుతుంటే అది మెదడుకు వచ్చిన పక్షవాతం కావచ్చు కనుక క్షణమైనా ఆలస్యం తగదు.

చలిగాలి తగిలి మూతి వంకరపోయిందని జనం అనుకోవడం పరిపాటే గాని, వైద్యులు ఎక్కువగా అనుమానించేది వైరస్ వల్ల నాడికి వచ్చే వాపునే. ఆ వాపును తగ్గించే స్టెరాయిడ్ మాత్రలు లక్షణాలు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే మేలు ఎక్కువ. విశాఖపట్నానికి దాదాపు 115 కిలోమీటర్ల దూరంలోని అరకులోయకు, దాని చుట్టూ కొండలపై రోడ్డులేని గూడేలకు ఈ గడువే అసలైన కష్టం. చెంపపై స్పర్శ లేని మచ్చ కూడా ఉంటే కుష్ఠువ్యాధిని అనుమానించాలి. దానికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బహుళ ఔషధ చికిత్స ఉచితం. బెల్స్ పాల్సీ వచ్చినవారిలో ఎక్కువమంది కొన్ని వారాల నుంచి నెలల్లో కోలుకుంటారు. అంతవరకు మూతపడని కన్ను ఎండిపోయి నల్లగుడ్డు పుండు పడకుండా పగలు చుక్కల మందు వేసి, రాత్రి రెప్పను మూసి పట్టీ అంటించాలి.