పని లేని రోజు
సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు నా ఆదివారాలు కూడా లాప్‌టాప్ ముందే గడిచిపోయేవి. అందుకేనేమో, ఈ మాట నాకు బాగా కనెక్ట్ అయింది.

ఆదివారాన్ని పోలిష్‌లో 'నియెజెలా', సెర్బియన్‌లో 'నెదెల్యా' అంటారు. 'నె' అంటే లేదు, 'దెల్' అంటే పని. పని లేని రోజన్నమాట! రష్యన్‌లో సోమవారం 'పొనెదెల్నిక్', అంటే ఆ రోజు తర్వాతది. కానీ అదే రష్యన్‌లో 'నెదెల్యా' అంటే ఇప్పుడు వారం మొత్తం. ఆదివారానికేమో క్రీస్తు పునరుత్థానం పేరొచ్చింది.

1929లో సోవియట్ ప్రభుత్వం, ఫ్యాక్టరీలు ఆగకూడదని ఐదు రోజుల వారం తెచ్చింది. కార్మికుల్ని ఐదు గ్రూపులు చేసి, ఒక్కో గ్రూపుకి ఒక్కో రోజు సెలవిచ్చింది. భర్తకి సెలవున్న రోజు భార్య డ్యూటీలో ఉండేది. అందరికీ కలిపి ఆదివారం సెలవు మళ్లీ 1940లో గానీ రాలేదు.

మరి ఈ ఆదివారం మీ ఇంట్లో అందరూ కలిసి భోంచేస్తున్నారా? కామెంట్‌లో చెప్పండి.