విప్పిన ఇల్లు, తిరిగివచ్చు వస్తువు

కలికిరి, మదనపల్లె, పుంగనూరు ప్రాంతముల పాత ఇండ్లను పరిశీలించిన వారికి ఒక విషయము స్పష్టపడును. మట్టితో పేర్చిన రాతిగోడ, రాతి కూసములు, వేప దూలములు, పైని మట్టిమిద్దె లేక పెంకుల కప్పు: వీనిలో ప్రతిదానిని విడదీయవచ్చును. అట్టి ఇల్లు శిథిలమైనపుడు యజమాని దానిని కూల్పింపడు, విప్పించును. ద్వారబంధము కుమారుని క్రొత్త ఇంటికి పోవును. దూలము పశువుల కొట్టమునకు చేరును. రాళ్లు మరల గోడ యగును. గోడల మన్ను పాటిమన్నుగా పొలమునకు బలమిచ్చును. ఊరి వెలుపల పారవేయవలసినది మిగులుట అరుదు. ఇది ఒకరు శాసించిన ధర్మము కాదు; వస్తువు ప్రియము, కూలి చవుక యైన కాలమున పుట్టిన ఆచారము.

నేడు హరిత భవనముల పేర ప్రపంచమున జరుగుచున్న ఒక ప్రయత్నమునకు ఈ ఆచారముతో చుట్టరికము కలదు. కట్టడమునకు వాడిన సామగ్రిని, దాని ఆయువు తీరిన పిదప, తయారుచేసిన కర్మాగారమే తిరిగి తీసికొనవలెనన్నది ఆ ప్రయత్నము. దాని విలువ తెలియుటకు, మన దేశమున కట్టడపు సామగ్రి చేతులు మారిన తీరును ముందుగా చూడవలెను.

అమరావతీ స్తూపమే ఇందుకు సాక్షి. అచటి పలకలలో ఒకటి, ఇపుడు లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్నది, రెండు వైపుల చెక్కబడినది. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దిలో ఒక వైపున బోధివృక్షారాధనమును చెక్కిరి. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో అదే పలకను త్రిప్పి, రెండవ వైపున స్తూపమునే చిత్రించిరి. ఇది పొదుపు. పదునెనిమిదవ శతాబ్దము చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో నూతన పట్టణము నిర్మింపగా, స్తూపపు రాళ్లు క్రొత్త కట్టడములకు తరలిపోయెను. 1797లో కాలిన్ మెకంజీ ఆ స్థలమును చూచెను. 1816లో అతడు మరల వచ్చునప్పటికి స్తూపము మరింత చెడియుండెను. రాయి వృథా కాలేదు. కాని పెక్కు రాళ్లు మొదట ఎచట నుండినవో తెలియరాకపోయెను. సాగరు జలాశయమున మునుగనున్న నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిపినవారు, కొన్ని కట్టడములను కొండమీదను, అనుపులోను తిరిగి నిలిపిరి. రెండుచోట్లను రాయి కదలినది. కాని రెండవచోట, ఆ రాతికి లెక్క చెప్పు బాధ్యుడు కలడు.

ఈ బాధ్యత అనునదే మన కథకు కీలకము. 1865లో బాసెల్ మిషనువారు మంగళూరులో పెంకుల కర్మాగారము నెలకొల్పిరి. మంగళూరు పెంకులపై తయారుచేసినవారి పేరు అచ్చువేయబడెడిది. గచ్చు లేకయే పట్టీలకు తగిలించుటచే, ఆ పెంకులను దింపి వేరొక ఇంటిపై పరువవచ్చును. అయినను పెంకుపై పేరు నిలిచినదే గాని, అమ్మకము తరువాత ఆ పేరుగలవారికి పెంకుతో ప్రసక్తి లేదు.

అటుపిమ్మట సిమెంటు వ్యాపించెను. సున్నపు గచ్చుతో కట్టిన గోడలోని ఇటుకను గీకి మరల వాడుకొనవచ్చును. గట్టి సిమెంటు పట్టిన ఇటుక విడివడదు, పగులును. ఇటుక, కంకర, ఇనుపకమ్మి ఒకే ముద్ద యైనవి. కమ్మికి మాత్రము పాతయినుప వర్తకుడు వచ్చును. తక్కినది చెరువుగట్టునకో, వంకకో చేరును.

ఈ చిక్కునకు ఐరోపా ఒక సమాధానము వెదకెను. వస్తువు వ్యర్థమైన పిదపకూడ దాని భారము తయారీదారుదే యను సూత్రమును 1990లో స్వీడనున థామస్ లిండ్‌క్విస్ట్ ప్రతిపాదించెను. 1991లో జర్మనీ దానిని సరకు చుట్టెడి పెట్టెలకు, కాగితములకు చట్టముగా విధించెను. అమెరికాలో 1999 నుండి ఆర్మ్‌స్ట్రాంగ్ సంస్థ, పాత భవనములనుండి విప్పిన లోకప్పు పలకలను తిరిగి తీసికొని, నలిపి, క్రొత్త పలకలలో కలుపసాగెను.

ఆ దేశపు హరిత భవన మండలి 1993లో ఏర్పడెను. భవనములకు అది ఇచ్చు యోగ్యతాపత్రము పేరు లీడ్. 2013లో వెలువడిన దాని నాలుగవ కూర్పులో ఒక చక్కని తారతమ్యము కలదు. తయారీదారు తిరిగి తీసికొను వ్యవస్థ గల సామగ్రికి, దాని వెలలో సగము మాత్రమే లెక్కకు వచ్చును. పాత కట్టడమునుండి తెచ్చి వాడిన సామగ్రికి వెల యంతయు లెక్కకు వచ్చును. అనగా కలికిరిలో కుమారుని ఇంటికి పోయిన ద్వారబంధమునకు నిండు గణన, కర్మాగారము చేసిన వాగ్దానమునకు అర గణన. ఇది న్యాయమే. ఒకటి జరిగిన పని, రెండవది జరుగవలసిన పని.

తెలుగునాట ఈ ఉద్యమమునకు హైదరాబాదు ముఖ్యస్థానము. 2001లో భారత హరిత భవన మండలి అచట ఏర్పడెను. అచటి సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రము 2003లో లీడ్ ప్లాటినం శ్రేణి పొందెను. అమెరికా వెలుపల ఆ శ్రేణి నందిన మొదటి భవనమదే. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించిరి.

కట్టడపు వ్యర్థములకై కేంద్రప్రభుత్వము 2016లో ప్రత్యేక నిబంధనలు చేసెను. 2025లో ప్రకటించి, 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా నిర్ణయించిన నూతన నిబంధనలు, 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణములకు ఉత్పాదక బాధ్యతను విధించినవి. అయితే ఇచట బాధ్యుడు పలకను తయారుచేసినవాడు కాదు, భవనము కట్టించువాడు. మదనపల్లెలో కట్టు సామాన్యగృహము ఆ కొలతకు చాల తక్కువ.

కనుక చిన్న ఊళ్ల ఇండ్లకు ఈ సహాయము అందుట సులభము కాదు. కర్మాగారము దూరమైనపుడు పాత పలకను చేర్చు రవాణావ్యయము పలక వెలను మించవచ్చును. అట్టిచోట కాపాడునది కట్టెడి పద్ధతియే. మరలతో బిగించినది విప్పవచ్చును. జిగురుతో అంటించినది చింపవలెను. 2013లో కలికిరిలో వెలసిన ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు క్రొత్త భవనపు బలమును లెక్కించునపుడు, దానిని విప్పుటకు పట్టు శ్రమనుకూడ లెక్కింపనేర్చినచో, తాతల ఆచారము శాస్త్రమగును. గృహస్థుడును సామగ్రి కొనునపుడు వెలతోబాటు, ఇది పాడయినచో ఎవరు తీసికొందురని అంగడివానిని ప్రశ్నింపవలెను. అడుగువారు లేనంతకాలము పెంకుపై పేరు వట్టి పేరుగానే మిగులును.